అత్తగారి వాల్వు

ఆదివారం పూట అత్తగారికి తలస్నానం చేయించడం ఆమె పని. ఎవరు అప్పగించారో, ఎప్పుడు అప్పగించారో ఎవరికీ గుర్తులేదు. ఆ ఇంట్లో చాలా పనులు అలాగే వచ్చి ఆమె చేతిలో పడ్డాయి, పడ్డవి మళ్ళీ తిరిగి వెళ్ళలేదు. ఆ రోజు కూడా ఆవిణ్ణి ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చోబెట్టి, రెండు చెంబులు పోసి, నురగ కళ్ళలో పడకుండా నుదుటికి చెయ్యి అడ్డం పెట్టింది. "నీళ్ళు మరీ వేడిగా ఉన్నాయి," అంది అత్తగారు, ఎప్పుడూ అనే మాటే. ఆమె వంగి చన్నీళ్ళు కలిపి ఇటు తిరిగేసరికి, స్టూలు మీంచి లేవబోయిన అత్తగారు లేచినట్టే లేచి, గోడ అందుకోబోయి, నురగతో సహా ఆమె మీదకి ఒరిగిపోయింది. చంకల కింద చేతులేసి పట్టుకుంది కాబట్టి తల నేలకి తగల్లేదు.

"ఏంటా చప్పుడు?" అన్నాడు హాల్లోంచి భర్త. టీవీ గొంతు మాత్రం తగ్గలేదు.

"ఏం లేదని చెప్పు," అంది అత్తగారు కళ్ళు తెరవగానే. "కళ్ళు తిరిగాయి, అంతే. వయసు."

వయసు అన్న మాట ఆ ఇంట్లో ఆవిడకిచ్చే మందుబిళ్ళ. మెట్లెక్కి ఆయాసపడితే వయసు. గుండెల్లో పట్టేసినట్టుందంటే వయసు. ఆమెకీ ఆ మాట చెవుల్లో పడీ పడీ అలవాటైపోయింది. కానీ ఆ బరువు తన చేతుల్లో వాలిన తీరు చూశాక అది వయసులా అనిపించలేదు. ఆస్పత్రిలో గుండె స్కాను తీసే పని ఆమెది. లేవబోతూ స్పృహ తప్పి వచ్చిన పెద్దవాళ్ళని ఎంతమందిని ఆ మంచం మీద పడుకోబెట్టిందో. ఇంట్లో మనిషి కాబట్టి ఇన్నాళ్ళూ కంటికి ఆనలేదు.

ఆ ఉద్యోగమంటే ఇంట్లో ఎవరికీ పెద్ద లెక్క లేదు. పెళ్ళయిన కొత్తలో అత్తగారు పక్కింటావిడతో, కోడలికి వినపడేలాగే అంది: "చీకటి గదిలో కూర్చుని పరాయి మగాళ్ళ గుండెల మీద చెయ్యేసే ఉద్యోగమట." భర్త అంత మాట అనేవాడు కాదు. "బొమ్మలు తీస్తుంది, చెప్పేది డాక్టరే," అనేవాడు స్నేహితులతో, నవ్వుతూ. ఆస్పత్రిలోనూ అంతే. పక్కటెముకల సందుల్లో స్కాను పరికరాన్ని నొక్కిపట్టి, భుజం నరాలు లాగేస్తుంటే ఒక్కో వైపు నుంచి ఒక్కో బొమ్మ రాబట్టాక, మంచం దిగిన మనిషి చొక్కా బొత్తాలు పెట్టుకుంటూ అడిగేది, డాక్టరు ఎప్పుడొస్తారమ్మా అని. సాయంత్రం బ్యాగు తగిలించుకున్నాక తలుపు కొంచెం తెరుచుకుని, మేడమ్, ఒక్కటే, అర్జెంటు, అని ఒక గొంతు. ఇంటికొచ్చాక అదే భుజంతో గిన్నెలు, బట్టలు, దులపడాలు. నొప్పిగా ఉందంటే, "కూర్చుని చేసే ఉద్యోగమేగా," అనేవాళ్ళు తల్లీకొడుకులు, ఒకరు మర్చిపోతే ఒకరు.

అత్తగారు స్కానుకి రావడానికి ఒప్పుకుంది కానీ ఇంకెవరి చేతా తీయించుకోనంది. స్నానాలగదిలో కూడా ఒంటి మీద బట్ట జారనివ్వని మనిషి. ఆ మనిషిని ఎడమపక్కకి తిప్పి పడుకోబెట్టి, బొత్తాలు విప్పి, చల్లటి జెల్ రాస్తుంటే ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. దీపం తీసేశాక కొంచెం నయమనిపించింది.

గుండె లోంచి రక్తం ఒంట్లోకి వెళ్ళే గుమ్మం దగ్గర ఉండే వాల్వుకి మూడు రెక్కలు. గుండె పిండినప్పుడల్లా పలచటి గుడ్డలా విచ్చుకుని దారిస్తాయి. అత్తగారివి విచ్చుకోవడం లేదు. సున్నం పట్టి, తెర మీద తెల్లగా మెరుస్తూ, రంగు మీద రంగేసి బిగుసుకుపోయిన కిటికీ తలుపుల్లా కదిలీ కదలనట్టున్నాయి. బొటనవేలు ధారాళంగా పట్టాల్సిన చోట పెన్సిలు దూరేంత సందు. ఆ సందులోంచి రక్తం ఎంత ఉరవడితో వస్తోందో కొలవడానికి మీట నొక్కితే, స్పీకరులోంచి ఆవిరి ఎగదన్నినట్టు చప్పుడొచ్చింది.

"ఏంటది?" అంది అత్తగారు.

"మీ రక్తం అత్తయ్యా."

"అంత గోల చేస్తుందా." ఆ గొంతులో కాస్త గర్వం కూడా ఉంది. "ఏమైనా కనిపించిందా?"

"డాక్టరుగారు చెప్తారు," అంది ఆమె. ఉద్యోగంలో చేరిన రోజు నేర్పిన మొదటి మాట అది. వేలమందికి చెప్పింది. ఆ రోజు అది చెప్పి, స్పీకరు గొంతు తగ్గించింది.

డాక్టరు అత్తగారి కొడుకులిద్దరినీ, ఆమె భర్తనీ బావగారినీ, పిలిపించాడు. రెండు కుర్చీల్లో వాళ్ళిద్దరూ కూర్చుంటే ఆమె తలుపు దగ్గర నిలబడింది. "మందులతో తెరుచుకునేది కాదు," అన్నాడు డాక్టరు. "తొడ దగ్గర రక్తనాళంలోంచి గొట్టం పంపి, పాత వాల్వు లోపలే కొత్తది విప్పుతాం. ఛాతీ కోయక్కర్లేదు. ఆవిడకి మిగతా ఒళ్ళంతా బావుంది. కానీ ఆలస్యం చెయ్యకండి. స్పృహ తప్పడం మొదలయ్యాక మనకి ఎక్కువ టైముండదు."

ఇంటికొచ్చాక అన్నదమ్ములిద్దరూ హాల్లో కూర్చున్నారు. పక్కగదిలో అత్తగారు దిండు గలీబులు మడతపెడుతోంది.

"ఈ వయసులో ఆవిణ్ణి ఆస్పత్రుల చుట్టూ తిప్పడం ఎందుకురా," అన్నాడు బావగారు. "ఉన్నన్నాళ్ళు ప్రశాంతంగా ఉండనీ."

"అమ్మకి సూదంటేనే భయం. విషయం తెలిస్తే బెంగతోనే పోతుంది," అన్నాడు భర్త. "చెప్పొద్దు."

"ఆవిణ్ణి ఒక్కసారి అడిగితే బావుంటుందేమో," అంది ఆమె, టీ కప్పులు పెడుతూ.

భర్త తల ఎత్తాడు. "నువ్విక్కడ ఆస్పత్రి మనిషిలా మాట్లాడకు. కోడలిలా ఉండు."

"ఆవిడ మా అమ్మ, అమ్మా," అన్నాడు బావగారు మెత్తగా. ఆ మెత్తదనంతోనే ఆ మాట అక్కడికి అయిపోయింది. తర్వాత భర్త లోపలికెళ్ళి, గుండె కాస్త నీరసంగా ఉందటమ్మా, బిళ్ళలు రాశారు, అని చెప్పి వచ్చాడు. "నేను చెప్పలేదూ, వయసని," అంది అత్తగారు.

వంటింట్లో కప్పులు కడుగుతుంటే ఆమెకి ఒక ఆలోచన వచ్చింది. వాల్వు వేయిస్తే ఆస్పత్రిలో పక్కన ఉండాల్సింది తను. సెలవు పెట్టాల్సింది తను. ఇంటికొచ్చాక లేపి కూర్చోబెట్టి, తినిపించి, నడిపించాల్సింది కూడా తనే. వద్దన్నారు కాబట్టి అదంతా తప్పింది. ఒక్క క్షణం ఒంట్లోంచి బరువు దిగినట్టయింది. ఆ వెంటనే తన మీద తనకే అసహ్యం వేసి, కడిగిన కప్పునే మళ్ళీ కడిగింది. హాల్లో ఉన్న ఆ ఇద్దరికీ ఇలాంటి సిగ్గు ఎప్పటికీ రాదు. ఎవరు చూసుకుంటారన్న ప్రశ్న వాళ్ళ దాకా వెళ్ళదు, దార్లో ఉన్న ఆడదాని దగ్గరే ఆగిపోతుంది. అందుకని వాళ్ళు హాయిగా అమ్మ గురించి దిగులుపడగలరు.

నెలలు గడిచాయి. అత్తగారు మొదట మేడ మీదకి వెళ్ళడం మానేసింది. తర్వాత వీధి గుమ్మం దాకా రావడం మానేసింది. ఆ తర్వాత మంచానికీ స్నానాలగదికీ మధ్య ఒక కుర్చీ వేయించుకుని, అక్కడ ఆగి, ఊపిరి తీసుకుని, మిగతా దూరం వెళ్ళేది. "అమ్మ ఇప్పుడు ప్రశాంతంగా ఉంది, చూశావా," అన్నాడు భర్త ఒకరోజు. మాట్లాడ్డానికి ఊపిరి చాలక ఊరుకుంటోందని ఆమె చెప్పబోయింది. కోడలిలా ఉండాలి కదా అని మింగేసింది. రోజూ బిళ్ళ, నీళ్ళ గ్లాసు అందించేది. అందుకునే చెయ్యి రోజురోజుకీ తేలికైపోవడం ఆమె వేళ్ళకి తెలుస్తూనే ఉంది.

ఒకరోజు ఆస్పత్రిలో ఒక ముసలి దర్జీకి అదే వాల్వు వేశారు. డాక్టరు ఆయన మంచం పక్కనే కూర్చుని ఆయనతోనే మాట్లాడాడు. మీ గుండె ఇలా ఉంది, ఇలా చేద్దామనుకుంటున్నాం, మీరేమంటారు అని. ఆయన కాసేపు ఆలోచించి, కానివ్వండి అన్నాడు. ఎక్స్‌రే తగలకుండా బరువైన సీసపు కోటు తొడుక్కుని ఆమె కూడా ఆ గదిలో నిలబడింది. గొట్టం చివర కొత్త వాల్వు గొడుగులా విచ్చుకోవడం, ఆ వెంటనే అంచుల పక్కనుంచి రక్తం వెనక్కి కారుతోందేమో స్కానులో వెతకడం ఆమె పని. కారలేదు. ఆవిరి చప్పుడు పోయింది. మర్నాడు చూడ్డానికి వెళితే ఆయన మంచం మీద కూర్చుని, మిషను ఎప్పుడు తొక్కొచ్చమ్మా, అని అడిగాడు. ఆమె ఏదో చెప్పి బయటికొచ్చి, స్కాను గదిలో దీపం వేసుకోకుండా కూర్చుంది.

ఆ సాయంత్రం భర్త ఇంటికి రాకముందే అత్తగారి మంచం పక్కన కూర్చుని చెప్పింది. మూడు వేళ్ళు దగ్గరికి చేర్చి, విప్పి, బిగించి చూపించింది. అత్తగారు ఆ వేళ్ళ వంకే చూస్తూ వింది.

"ఎప్పుడు తెలిసింది?"

"ఆ రోజే అత్తయ్యా."

"వాడికి?"

"తెలుసు. బావగారికీ తెలుసు."

"నీకూ తెలుసు." అత్తగారు ఊపిరి కూడదీసుకుంది. "తెలిసే రోజూ నాకు బిళ్ళ అందిస్తున్నావు."

"చెప్పొద్దన్నారు." ఆ మాట పైకి వచ్చాక బడిపిల్ల చెప్పే సాకులా వినిపించింది ఆమెకే.

"నిన్ను నేను చాలా అన్నాను. కాదనను," అంది అత్తగారు. "ఇంత చేశానా?"

తిడితే బావుండునని ఆమెకి అనిపించింది. తిట్టడానికి ఆవిడ దగ్గర ఊపిరి లేదు. "నొప్పి పుడుతుందా, ఆ కొత్తది వేస్తే?" అంది అత్తగారు, దుప్పటి అంచు సరిచేసుకుంటూ.

"పెద్దగా ఉండదు."

"అయితే చేయించుకుంటాను. రేపు తీసుకెళ్ళు."

ఇద్దరూ ఆటోలో వెళ్ళారు. ఈసారి తెర మీద బొమ్మ నిలబడగానే ఆమె చెయ్యి ఆగిపోయింది. ఆ బిగుసుకుపోయిన తలుపుల్ని తోసీ తోసీ గుండె కండరం అలిసిపోయింది, పిండే బలం సగం కూడా లేదు. "అప్పుడే అయితే తేలిగ్గా అయ్యేది," అన్నాడు డాక్టరు. "ఇప్పుడు ప్రమాదం ఉంది. అయినా చేద్దాం. అబ్బాయిలిద్దరూ ఒకసారి రావాలి."

"గుండె నాది నాయనా," అంది అత్తగారు.

డాక్టరు నవ్వాడు, మర్యాదగానే. "నిజమేనమ్మా. అయినా మగవాళ్ళు ఒకసారి వస్తే మాకూ ధైర్యం."

బావగారు పని మీద వేరే ఊళ్ళో ఉన్నాడు. వచ్చాక చూద్దామన్నాడు. భర్త మాత్రం ఆమెని వంటింట్లో నిలబెట్టి, "నీకెవరు చెప్పమన్నారు?" అని అడిగి, తర్వాత మాట్లాడ్డం మానేశాడు. కంచం ముందుకి జరపడం, మిగిలిందాన్ని వెనక్కి తోయడం, అంతే. అత్తగారు కూడా ఆమెతో ఎక్కువ మాట్లాడలేదు. చివరికి బావగారు వచ్చి, ఆస్పత్రికెళ్ళి, వచ్చే వారానికి రోజు ఖాయం చేశాక, ఒక మధ్యాహ్నం గోళ్ళు తీయించుకుంటూ అంది: "మన వీధిలోంచి వెళ్ళే బస్సు చివరి స్టాపు దాకా ఎప్పుడూ వెళ్ళలేదు నేను. అక్కడేముందో. బాగయ్యాక వెళ్ళొస్తాను, ఒక్కదాన్నే." రెండో చెయ్యి ఇచ్చాక, "కావాలంటే నువ్వూ రా," అంది.

ఆ వారం రాలేదు. ఆమె ఆస్పత్రిలో ఎవరి గుండో చూస్తుండగా ఫోనొచ్చింది. మంచం మీంచి లేచిన అత్తగారు దార్లో కుర్చీ దాకా కూడా వెళ్ళలేదు. భర్త హాల్లోనే ఉన్నాడు. అమ్మ పడుకుందనుకున్నానన్నాడు.

ఆ సాయంత్రం నుంచి జనం వస్తూనే ఉన్నారు. కుర్చీలు చాలక పక్కింట్లోంచి తెచ్చారు. ఆమె పళ్ళెంలో మంచినీళ్ళ గ్లాసులు పెట్టుకుని అందరికీ అందిస్తోంది. అలా అందిస్తుంటే ఏడవడానికి కూడా చెయ్యి ఖాళీ లేదు. మధ్యలో కూర్చుని భర్త వచ్చినవాళ్ళకల్లా ఒకటే చెబుతున్నాడు. "అనాయాసంగా పోయిందండీ. మంచాన పడలేదు, ఎవరి చేతా చేయించుకోలేదు. అసలు లోపల ఇంత జబ్బుందని మాకెవరికీ తెలియనే తెలియదు." చెబుతూ కళ్ళు తుడుచుకున్నాడు. అబద్ధమాడుతున్నట్టు కూడా లేదు. అప్పటికే అది అతనికి నిజమైపోయింది. రేపటికి బావగారికీ అవుతుంది. తనూ ఇలాగే గ్లాసులు అందిస్తూ ఉంటే, ఏదో ఒకరోజుకి తనకీ అవుతుంది.

దూరపు బంధువు ఒకావిడ గ్లాసు అందుకుంటూ ఆమె చెయ్యి పట్టుకుంది. "నువ్వు గుండె ఆస్పత్రిలోనే కదమ్మా చేసేది. నీక్కూడా తెలియలేదా?"

భర్త ఇటు చూశాడు. చెప్పొద్దన్నప్పుడు చూసిన చూపే. ఇప్పుడు చెప్పినా అత్తగారు లేవదు, ఈ ఇంట్లో తను ఉండాల్సిన రోజులు మాత్రం ఇంకా కష్టమవుతాయి. ఆమె పళ్ళెం బల్ల మీద పెట్టి, తడి చేతులు తుడుచుకుంది.

"తెలుసండీ," అంది. "ఈయనకి తెలుసు, బావగారికి తెలుసు, నాకు తెలుసు. నెలల తరబడి ఆవిడ ఒక్కదానికే తెలియకుండా చేశాం."