ఏడుపు సీను

పలమనేరు పాలకేంద్రంలో పొద్దున్నే పాలు పరీక్షించే దయానంద్, పనిలో పనిగా సినిమాలకూ మార్కులు వేసేవాడు. అతని మాటల కోసమే క్యాన్లు దించినవాళ్ళు కాసేపు నిలబడేవాళ్ళు.

"ఆ సినిమా రెండో భాగం ఉండాదే, అంతా నీళ్ళేప్పా! వెన్న మొదటి భాగంలోనే తీసేసినారు," అన్నాడు ఆ రోజు.

అందరూ నవ్వారు. నవ్వితే ఇక అతనికి పట్టపగ్గాలుండవు.

"మన ఊళ్ళో తీసిన సీరియల్ ఇంకా అన్యాయం. శవం మీద పడి ఒక ముసలామె ఏడస్తాది సూడు, తరిమితే కోడి అరిసినట్టే! యాడినుంచి పట్టకొచ్చినారో!"

ఈసారి ఒక్కరూ నవ్వలేదు. వరసలోంచి గురవమ్మ అంది: "అది నేనేప్పా."

అన్నిటి మీదా ఏదో ఒకటి చెప్పాలి కాబట్టి, దయానంద్ సీరియళ్ళన్నీ ఫోన్‌లో రెండింతల వేగంతో చూసేవాడు. ఆ వేగంలో ఆమె ముఖం కంటికి ఆనలేదు. గొంతు కీచుమంది.

"ఏడవమన్నారు. నాకు నటన యాడ తెలుసు? పోయిన నా కొడుకు ఏబెల్‌ను తలుసుకోని ఏడిసినాను," అంది.

పోయినేడు ఏబెల్ శవపెట్టె మోసినవాళ్ళలో దయానంద్ ఒకడు. ఆ ఏడుపు దారి పొడుగునా విన్నవాడే. పాలగిన్నెలోంచి తల ఎత్తలేకపోయాడు. ఆమె నాలుగు తిట్టినా బాగుండేది.

గురవమ్మ క్యాను ముందుకు జరిపింది.

"సోమవారం మళ్ళా రమ్మన్నారప్పా. నువ్వు శానా సూసినోడివి. ఎట్ల ఏడిస్తే బాగుంటాదో సెప్పు."