దండెం మీద ఐదో చొక్కా

పొద్దున్నే టీ కప్పు పట్టుకుని వెనక తలుపు తీసి దండెం వైపు చూడటం లూపేకి వారం రోజులుగా అలవాటైంది. గొడుగులా విచ్చుకుని, గుండ్రంగా తిరిగే దండెం. దాని మీద నాలుగు చొక్కాలుండాలి: పండ్లు పెట్టెల్లో సర్దే షెడ్డుది, మోటెల్‌ది, లాండ్రీది, ఆసుపత్రి వంటగదిది. ఆస్ట్రేలియాలోని ఈ షెపర్టన్ ఊళ్లో ఎవరైనా కొత్త ఉద్యోగానికి దరఖాస్తు పెడితే, పాత ఉద్యోగాల చొక్కాలు వాళ్ల పెరట్లో వాటంతటవే వచ్చి ఆరతాయి. ఉద్యోగమిచ్చేవాళ్ల తరఫున విచారణకొచ్చినవాళ్లు చూసుకుని పోతారు.

ఐదోదీ ఉంది. లేతాకుపచ్చది. వృద్ధాశ్రమంలో పదకొండు వారాలు తొడుక్కున్నది. పనిలోంచి తీసేసిన రోజే తిరిగిచ్చేసింది. ఆ పదకొండు వారాలూ దరఖాస్తులో రాయలేదు.

ఈసారిది బడి వంటగదిలో పని. మూడింటికల్లా ఇంట్లో ఉండొచ్చు. ఎనిమిదేళ్ల కూతురు సియాలే తాళంచెవి మెడలో వేసుకుని ఖాళీ ఇంటికి రానక్కర్లేదు.

చొక్కాని ఫ్రీజర్‌లో చేపల కింద దాచింది. మర్నాడు అది మళ్లీ దండెం మీద, బిర్రబిగుసుకుని. పక్కింటి గ్లెండా కంచె దగ్గర మొక్కలకి నీళ్లు పడుతూ అవసరానికి మించి చాలాసేపు నిలబడింది. చూసేసింది. చెప్పేస్తుంది.

"నన్నలా చూస్తావేంటమ్మాయ్?" అంది గ్లెండా. "నా దండెం మీద దుప్పటి కింద ఏముందో నువ్వడిగావా, నేనడగడానికి?"

దాంతో లూపేకి అనుమానం ఇంకా పెరిగింది.

గురువారం బడి తరఫున నోలీన్ వచ్చింది. అప్పటికే లూపే ఐదో చొక్కా మీద తనూ ఒక దుప్పటి కప్పి ఉంచింది. ఆకు కదలడం లేదు. అయినా దండెం నెమ్మదిగా తిరిగి, దుప్పటి జారవిడిచి, సరిగ్గా నోలీన్ ముందు ఆగింది.

నోలీన్ కాగితం చూసింది. చొక్కా చూసింది. అంచు తిప్పింది. లోపల మార్కరుతో లూపే రాసుకున్న రాతలు, తన సొంత టోంగా భాషలో.

"ఏం రాశారిక్కడ?"

ఉతికేవాళ్ల గుర్తులని చెప్పొచ్చు. ఈవిడకి టోంగా ఏం తెలుసు? లేక తెలిసే అడుగుతోందా? ఆశ్రమంవాళ్లు ముందే ఫోన్ చేశారా? లూపే ఆమె ముఖంలోకి చూసింది. ఏమీ దొరకలేదు.

"పన్నెండో గది చక్రాల కుర్చీకి బ్రేకు పట్టడం లేదు," అని చదివింది. "సోమవారం చెప్పాను. మంగళవారం చెప్పాను. గురువారం చెప్పాను."

రాత అక్కడితో అయిపోయింది.

"శుక్రవారం ఆ కుర్చీలోంచి పెద్దాయన పడిపోయాడు. నా వల్లేనన్నారు."

"మరి దరఖాస్తులో రాయలేదేం?"

"రాస్తే ఎవరు పిలుస్తారండీ?"

నోలీన్ కాగితం, పెన్ను బట్టల బుట్ట మీద పెట్టింది. "నేను రాసుకుంటే మీరు దాచినట్టు. మీరు రాస్తే చెప్పినట్టు. ఇంకా నేను సంతకం పెట్టలేదు."

లూపే రాసింది. అక్షరాలు వంకర పోయాయి. నోలీన్ అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. కాగితం మడిచి వెళ్లిపోయింది.

మర్నాడు ఉత్తరం లేదు, ఫోను లేదు. దండెం మీద మాత్రం ఐదు చొక్కాల పక్కన ఒక నీలం ఏప్రాన్, బడి గుర్తుతో, నీళ్లు కారుతూ. లూపే ముందు కంచె వైపు చూసింది. గ్లెండా లేదు. ఏప్రాన్ అంచు తిప్పి చూసింది. ఏ రాతా లేదు.

లోపలికెళ్లి, నిద్రపోతున్న సియాలే మెడలోంచి తాళంచెవి మెల్లగా తీసింది.