అమ్మోరి రాయి పక్కన నేను

నేను ఒక గాలిరాయిని. రాయినంటే కొండలో పుట్టానని కాదు. ఇసుకను జిగురుతో ముద్ద చేసి, అచ్చులో పెట్టి కాలిస్తే పుట్టాను. బొటనవేలంత ఉంటాను. అక్వేరియం అడుగున పడుకుని, మోటారు పంపే గాలిని సన్నటి గొట్టంలోంచి అందుకుని వేల బుడగలుగా ఊదడం నా పని. కష్టమంతా మోటారుదే కదా అనకండి, నాకు కోపం వస్తుంది.

విశాఖపట్నం రేవు దగ్గర చేపల భోజనం హోటల్ నడిపే పోలారావు నన్ను కొన్నాడు. గాజుపెట్టెలో సముద్రపు నీళ్లు తెచ్చి పోసి, ఒక్కటంటే ఒక్క చేపను వదిలాడు. నారింజ రంగు ఒళ్లు, తెల్ల చారలు. అతని భార్య నూకాలు దానికి బంగారి అని పేరు పెట్టింది. లోపల పెనం మీద దాని చుట్టాలు వేగుతుంటే, ఇక్కడ దీనికి వేళ్లతో మేత తినిపించేది. మనుషుల ప్రేమ అలాగే ఉంటుంది లెండి. బంగారి రోజంతా నా బుడగల్లోనే ఆడేది. భోజనానికి వచ్చినవాళ్లు నన్నే చూసేవారు.

తర్వాత దిగాడు ఆ మహానుభావుడు. పోలారావు తమ్ముడి వలలో పడిన సముద్రపు రాయి. తెచ్చి నా పక్కనే పెట్టారు. నెల తిరిగేసరికి ఒళ్లంతా పచ్చటి పాచి. కిటికీలోంచి ఎండ పడిన ఒక మధ్యాహ్నం ఆ రాయి మీదా, చుట్టూ ఇసుక మీదా ముత్యాల్లాంటి బుడగలు లేచాయి.

"ఓలమ్మో! మావా, ఇటు సూడు! గంగమ్మ తల్లి ఊపిరి తీత్తంది!" అని అరిచింది నూకాలు.

ఊపిరీ కాదు, పాడూ కాదు. ఎండ తగిలితే పాచి వదిలే గాలి అది. పక్కనే ఉన్నదాన్ని, నాకు తెలియదా? కానీ గంగమ్మకు మొక్కనిదే పడవ దించని ఇల్లు వాళ్లది. గాజుకు పసుపు రాశారు, బొట్టు పెట్టారు, కొబ్బరికాయ కొట్టారు. రాత్రీ పగలూ ఆగకుండా ఊదిన నావైపు ఒక్కరూ చూడలేదు. పాచి పట్టిన మొహానికి హారతా! నాకు ఒళ్లు మండిపోయింది.

అంతటితో ఆగిందా? "దీని గురగురకి తల్లి ముత్తేలు సెదిరిపోతన్నాయి, ఆపీ మావా" అంది నూకాలు. పోలారావు మోటారు ఆపేశాడు. నా రంధ్రాల్లోకి నీళ్లు దిగాయి. కుళ్లుతో ఒకటే కోరుకున్నాను: మబ్బు పట్టాలి, ఆ రాయి బండారం బయటపడాలి.

నా మొర ఎవరు విన్నారో, అల్పపీడనం పట్టుకుంది. మూడు రోజులు ఒకటే ముసురు. రాయి మీద బుడగన్నది లేదు. లోలోపల గంతులేశాను.

మూడో రోజు పొద్దున బంగారి పైకి తేలి, నీటి అంచున నోరు తెరుస్తూ మూస్తూ కనిపించింది. కాసేపటికి మెల్లగా నా దగ్గరికి దిగింది. బుడగ కోసం నన్ను మూతితో పొడిచింది. మళ్లీ పొడిచింది. నా దగ్గర ఏముంది ఇవ్వడానికి? నేను కోరుకున్న మబ్బుకు పోయేది రాయి ప్రాణం కాదని అప్పుడు తెలిసింది. సిగ్గుతో చచ్చిపోయాను.

అది నూకాలు కంటపడింది. "మావా, దీనికి ఊపిరాడతం లేదు. మోటారు సిచ్చి ఎయ్యి!"

"తల్లికి కోపమొత్తాదేమోనే..."

"తల్లికి సముద్రమంతా ఉంది. దీనికి ఈ పెట్టొక్కటే ఉంది. ఎయ్యి!"

వేశాడు. నా జన్మలో అంత గట్టిగా ఎప్పుడూ ఊదలేదు. మధ్యాహ్నానికి బంగారి నూకాలు వేళ్లలోంచి మేత అందుకుంది. మర్నాడు ఎండ రాగానే రాయి మళ్లీ ముత్యాలు పెట్టుకుని కూర్చుంది, మళ్లీ హారతులు. నేను పళ్లు నూరుకుంటూనే ఊదాను.

ఏడాదికి నా రంధ్రాల్లో ఉప్పు పేరుకుపోయింది. నూకాలు నన్ను తీసి, పారేయడానికి మనసొప్పక, కిటికీలోని కరివేపాకు కుండీలో పెట్టింది. ఇక్కడి నుంచి పెట్టె బాగా కనిపిస్తుంది. రాయికి ఇప్పటికీ బొట్టు పెడుతున్నారు. పెట్టుకోనివ్వండి, దాని మీద నాకు కుళ్లు పోయింది.

ఇప్పుడు నా కుళ్లంతా నా చోట్లోకి వచ్చిన కొత్త గాలిరాయి మీద. బంగారి రోజంతా దాని దగ్గరే ఆడుతోంది.