పగిలిన అద్దం

ఆ జోకు తనది, అక్షరం పొల్లుపోకుండా తను రాసిందే, ఇప్పుడది సెల్‌ఫోన్ తెర మీద వేలమంది ముందు నిలబడ్డ నాయకుడి నోట్లోంచి వస్తోంది, ఆమె చేతిలో టీ కప్పు పెదాల దగ్గరే ఆగిపోయింది, ఏటవతలివాడొకడు పగిలిన అద్దంలో మొహం చూసుకున్నాడట, ఇద్దరు కనిపించారట, పరుగున ఆఫీసుకెళ్ళి అయ్యా మా తమ్ముళ్ళిద్దరు వచ్చారు ఇంకో రెండిళ్ళు ఇప్పించండి అన్నాడట, మైదానమంతా ఘొల్లున నవ్వింది, నిన్న సాయంత్రం సభ, తెల్లారేసరికి ఊళ్ళో ప్రతి ఫోన్లోనూ ఇదే, ఎవరు చేరవేశారు, అసలు ఎలా చేరింది.

రాజకీయాల్లో హాస్యం మీద ఆమె పుస్తకాలు రాసింది, విషాన్ని నవ్వులో కలిపి ఇస్తే జనం ఎంత తేలిగ్గా మింగుతారో కొలవడమే ఆమె పని, అందుకోసమే ఏరు దాటి వచ్చి ఇక్కడ ఇళ్ళు అడిగేవాళ్ళ మీద అద్దం జోకులు రెండు కట్టింది, మామూలు అద్దానిది ఒకటి, పగిలిన అద్దానిది ఒకటి, రెండోది మరీ ఘోరంగా ఉందని ఎవరి మీదా ప్రయోగించకుండానే తుడిచేసింది, మరి అది విన్నదెవరు, తన దగ్గర పరిశోధన చేస్తున్న విద్యార్థి ఒక్కడే, వాడే, ఇంకెవడు, మెత్తగా ఉంటూ ఎంత పని చేశాడు, వెంటనే వాడికి ఫోన్ కలిపింది, ఆ జోకు ఎవరికమ్మావయ్యా, నిన్ను నమ్మినందుకు నా నోట్లో మట్టి కొట్టావు కదా, అవతలినుంచి వాడు నెమ్మదిగా, మేడం, మాది ఏటవతలే, మీరెప్పుడూ అడగలేదు, నేనూ చెప్పలేదు, ఇందాక బస్సులో ఎవడో మా అమ్మ మొహం ముందు అద్దం పెట్టి ఎంతమందున్నారో లెక్కపెట్టుకో పెద్దమ్మా అన్నాడట, బస్సంతా నవ్విందట, ఆవిడ మధ్యలో దిగిపోయి ఎండలో నడుచుకుంటూ వచ్చింది, నేనిక రాను మేడం, మీ జోకుల ప్రయోగాలకి వేరేవాళ్ళని చూసుకోండి.

ఫోన్ ఎప్పుడో ఆగిపోయింది, ఆమె ఇంకా చెవి దగ్గరే పెట్టుకుని ఉంది, బస్సంతా నవ్విందట, ఆ రోజు తన గదిలో జోకు చదివి వినిపించినప్పుడు వాడు నవ్వలేదు, కిటికీ వైపు చూస్తూ కూర్చున్నాడు, తనేమంది, ఏంటయ్యా ఆ మొహం, పన్ను నొప్పా, మా ఆయన దగ్గరికి పంపించనా అంది, పైగా అదీ ఒక జోకే, పన్ను, మా ఆయన, పోయిన వారం ఆయన ఛాతీ విరుచుకుని ఇంటికొచ్చాడు, నాయకుడి దవడ పన్ను నేనే పీకానోయ్, తుపాకులవాళ్ళు నా పేషెంట్లందర్నీ రోడ్డు మీద నిలబెట్టారు, రాయిలాంటి మనిషినే నవ్వించేశాను తెలుసా, తను కూర వడ్డిస్తూ వినీ విననట్టు ఊకొట్టింది, దేంతో నవ్వించారని కూడా అడగలేదు.

కింది గదిలోనే ఆయన పళ్ళ ఆసుపత్రి, మెట్లు దిగుతుంటే తన పుస్తకంలో తనే రాసిన మాట ఎదురొచ్చింది, జనం జోకుని చూసి నవ్వరు, ముందు ఎవరు నవ్వారో చూసి నవ్వుతారు, వాళ్ళు గౌరవించే మనిషి నవ్వితే ఇక తప్పొప్పులు అడిగేవాడుండడు, ఎన్ని సభల్లో చప్పట్లు కొట్టించుకుందో ఈ మాటకి, మందు వాసన, ఖాళీ కుర్చీ, ఆయన నోట్లో పెట్టే చిన్న అద్దాలని వేడినీళ్ళలోంచి తీసి ఒక్కొక్కటే తుడుస్తున్నాడు, ఏమండీ, ఆ నాయకుడికేం చెప్పారు, ఆమె గొంతు తనకే కొత్తగా ఉంది, ఆయన తలెత్తి ఆమె చేతిలో ఫోన్ చూశాడు, అద్దం పక్కన పెట్టేశాడు.

అవును, నేనే చెప్పాను, సూది చూడగానే అంత మనిషీ చంటిపిల్లాడిలా నా చెయ్యి పట్టేసుకున్నాడు, నవ్విస్తే భయం పోతుందని చెప్పాను, మైకులో చెప్తాడని నాకేం తెలుసు, అయినా నాకు జోకులెక్కడ వచ్చు, ఆ రోజు భోజనాల దగ్గర నువ్వే ఈ అద్దం జోకు చెప్తూ చెప్తూ కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వావు చూడు, అదే గుర్తుండిపోయింది, ఇవన్నీ చదువుకున్నదానివి, నువ్వే అంత నవ్వావు కదా, ఇంక అందులో తప్పేముంటుందిలే అనుకున్నాను.