రాని ఫిర్యాదుల లెక్క

“నీకేముంది ఇందాయ్, ఈ ఇంట్లో పనులన్నీ వాటంతటవే అయిపోతాయి!”

ఇందాయ్ అంటే వాళ్ళ భాషలో అమ్మాయ్. అత్తగారి పేరు పాసింగ్. మాట కూడా అలా పాసింగ్‌లోనే విసిరి ఎండుచేపల పళ్ళెం ముందుకు లాక్కుంది. ఆదివారం ఉదయం. మారివిక్ మొగుడు రెనాంతే కోడిపందేలకు తయారవుతూ ఎర్ర చొక్కా ఎక్కడ, టోపీ ఎక్కడ, నిన్న టోపీ పెట్టిన చోటెక్కడ అని మూడు ప్రశ్నలు వేశాడు. మారివిక్ ఇస్త్రీ చేస్తూ తల తిప్పకుండానే మూడింటికీ జవాబు చెప్పింది.

వాటంతటవే. శుక్రవారం ఆఫీసులో విన్నదీ ఇదే మాట కదా, కాకపోతే అక్కడ ఏసీలో విన్నది. ఫిలిప్పీన్స్‌లోని సెబూ నగరంలో ఉన్న ఆ ఆఫీసు ఆస్ట్రేలియా వాళ్ళ ఇళ్ళల్లో ఇంటర్నెట్ పెట్టె మొరాయిస్తే దారి చెప్పే సహాయ కేంద్రం. వచ్చిన ప్రతి ఫిర్యాదూ అక్కడ ఒక ‘టికెట్’. ఎనిమిదేళ్ళుగా సహాయం ఆమెది, కేంద్రం మరొకరిది. ఈసారి సీనియర్ పోస్టు ఖాళీ అయితే మొదటిసారి నోరు తెరిచి అడిగింది. టీమ్ లీడర్ ఎల్మర్ కుర్చీ చూపించి, కాఫీ ఇప్పించి, అప్పుడు చెప్పాడు.

“మారివిక్, నువ్వు బంగారం. కానీ వారానికి నలభై ఒక్క టికెట్లే ముగిస్తున్నావు. రోమెల్ అరవై ఎనిమిది.”

“రోమెల్ పంపే జవాబులు నేను రాసిన పేజీలే కదా సార్.”

“అందుకేగా నువ్వు బంగారమన్నాను!”

పత్రం ఆమెది, ఫలం రోమెల్‌ది. ఏ ఫిర్యాదుకి ఏం చెయ్యాలో అడుగు అడుగునా రాసిన నూట పద్దెనిమిది పేజీలు ఆఫీసు వాళ్ళూ ఆస్ట్రేలియా వాళ్ళూ అందరూ వాడుకునే చోట ఆమె పేరు మీదే ఉన్నాయి. జవాబులు రాసింది కనుక జవాబుదారీ కూడా ఆమెదే. ఆరు నెలలకోసారి ప్రతి పేజీ మీదా ఎర్రజెండా లేస్తుంది. పేజీ ఎవరి పేరు మీద ఉందో వాళ్ళే ఆ అడుగులన్నీ మళ్ళీ చేసి చూసి, ‘ఇంకా సరిగ్గానే ఉంది’ అని నొక్కాలి. దానికి టికెట్ ఉండదు. టికెట్ లేని పనిని లెక్కలో వెయ్యరు.

“కరెంటు పోయొచ్చాక పెట్టె మీద నారింజ దీపం వెలిగితే ఏం చెయ్యాలో పేజీ రాయకముందు రోజుకి ముప్పైమంది అడిగేవాళ్ళు సార్. ఇప్పుడు నలుగురు. మిగతా ఇరవై ఆరుగురూ చదువుకుని వాళ్ళే బాగుచేసుకుంటున్నారు. వాళ్ళు ఎవరి లెక్క?”

ఎల్మర్ నిజంగానే ఆలోచించాడు, పాపం. “రానివాళ్ళని ఎలా లెక్కపెట్టను? ఫారంలో దానికి గడి లేదు.”

ఇస్త్రీ పెట్టె కింద రెనాంతే చొక్కా ముడతలు ఒక్కొక్కటే మాయమవుతున్నాయి. ముడత ఉంటే అందరికీ కనబడుతుంది, పోయినదాన్ని ఎవరు చూస్తారు? పాపకి రాని జ్వరం, అయిపోని గ్యాసు, అత్తగారు మరిచిపోని బీపీ మాత్ర. జరగనివ్వకపోవడమే ఆమె పనంతా. బాగా చేసినకొద్దీ ఏమీ చేయనట్టే ఉంటుంది. “కూర్చుని మీటలు నొక్కడమేగా” అంటాడు రెనాంతే, కాళ్ళు చాపుకుని టీవీ మీట నొక్కుతూ. ఒకరోజు నొక్కకపోతే ఎవరికి నొప్పి తెలుస్తుందో చూడాలని ఆమెకి చాలాసార్లు అనిపించింది. కానీ పేజీ పాడైపోతే ఎక్కడో ఓ ముసలమ్మ ఆరిపోయిన దీపం ముందు కూర్చుంటుంది. అలా జరగనివ్వడం ఆమె వల్ల కాదు.

పెట్టె ఆపి ల్యాప్‌టాప్ తెరిచింది. ఎర్రజెండాల వారం. ప్రతి ఆరు నెలలకీ రెండు ఆదివారాలు వీటికే పోతాయి. మొదటి పేజీ తెరిచింది. పైన తన పేరు. పక్కన, ఆ పేజీని ఎక్కువగా వాడినవాళ్ళ జాబితా. రోమెల్, మూడువందల పన్నెండుసార్లు. తన పేరు తీసేసి రోమెల్ పేరు పెట్టింది. రెండో పేజీకీ అంతే. మూడోది జొవెలిన్ ఎక్కువగా వాడుతోంది, ఆమెకిచ్చింది. ఎవరు ఎక్కువ వాడితే వాళ్ళకి. తనే ఎక్కువ వాడే పదకొండూ తన దగ్గరే ఉంచుకుంది. గంటలో అయిపోయింది.

“ఇవాళ తొందరగా ముగించావే?” అంది పాసింగ్.

“ఇవాళ పని చెయ్యలేదు నానాయ్, పంచాను” అని అత్తగారికి చెప్పి, పెళ్ళయ్యాక మొదటిసారి మధ్యాహ్నం నిద్రపోయింది.

సోమవారం పదింటికి ఎల్మర్ ఆమె బల్ల దగ్గరికి పరుగున వచ్చాడు.

“మారివిక్, ఏంటిది? రోమెల్ నెత్తిన డెబ్భై రెండు ఎర్రజెండాలు! పొద్దుట్నుంచి ఒక్క టికెట్టే ముగించాడు!”

“ఆ పేజీలు ఎక్కువ వాడేది అతనే సార్. అడుగులన్నీ అతనికే బాగా తెలుసు.”

“అదంతా సరే! ఇవన్నీ సరిచూస్తూ కూర్చుంటే వాడి అంకె ఏమైపోతుంది?”

“ఎంత తగ్గుతుందంటారు?”

“ఎంతా? ఎంత లేదన్నా వారానికి ఇరవై ఎనిమిది, ముప్పై టికెట్లు...”

వెనక వరసలో జొవెలిన్ హెడ్‌ఫోన్ ఒక చెవి మీంచి తీసింది.

“రాసివ్వండి సార్” అంది మారివిక్, తెల్లకాగితం ఒకటి అతని వైపు జరుపుతూ. “మీ చేత్తో, మీ సంతకంతో. దాన్ని నా నలభై ఒకటికి కలిపి పై వాళ్ళకి పంపండి. వాళ్ళ జవాబు వచ్చాక పేజీల సంగతి మాట్లాడదాం.”