ఐజయా రాసిన నిబంధన

ఆస్ట్రేలియాలోని డార్విన్ యూనివర్సిటీలో న్యాయశాస్త్రం చెప్పే ఐజయా, ఆఫ్రికాలోని తన దేశానికి వెళ్తానన్నప్పుడు జెన్సీ ఒప్పుకోలేదు. కాకినాడ నుంచి నర్సుగా వచ్చి అతన్ని పెళ్లాడిన ఆమె, భర్తకు అంత గట్టిగా అడ్డుపడటం అదే మొదలు.

అక్కడ ఏళ్ల తరబడి ఏలిన అధ్యక్షుణ్ణి సైన్యం దించేసింది. కొత్త రాజ్యాంగం రాసే సంఘంలో ఐజయాకు చోటిచ్చారు.

"ఇప్పుడు వెళ్లకపోతే ఇక క్లాసులో ఏ మొహంతో పాఠం చెప్పను?" అన్నాడు. జెన్సీ లేచి అతని పెట్టె సర్దడం మొదలుపెట్టింది.

వెళ్లాక రోజూ ఫోన్ చేసేవాడు. ఎవరూ రెండుసార్లకు మించి అధ్యక్షుడు కాకూడదని సంఘమంతా ఒప్పుకుంది. పోలీసులు పట్టుకున్న మనిషిని రెండు రోజుల్లో జడ్జి ముందు నిలబెట్టాలన్న నిబంధన మాత్రం ఐజయాయే రాశాడు. అతని చిన్నప్పుడు తండ్రిని పట్టుకెళ్లి ఏడాదిపాటు ఆచూకీ చెప్పలేదట. ఆ సంగతి జెన్సీకి అప్పుడే తెలిసింది.

ముసాయిదా పూర్తవుతుండగా సైన్యాధిపతి ఒక వాక్యం చేర్చమన్నాడు: ఇప్పుడు అధికారంలో ఉన్నవారికి ఆ రెండుసార్ల పరిమితి వర్తించదు. ఐజయా కాదన్నాడు. విలేకరులకూ చెప్పాడు. మర్నాడే అతన్ని పోలీసులు పట్టుకుపోయారు.

అతను ఆస్ట్రేలియా పౌరసత్వం తీసుకోలేదు. ఇక్కడి ప్రభుత్వం చేయగలిగింది తక్కువ. కొత్త రాజ్యాంగం అమల్లోకి వచ్చేదాకా పాత చట్టమే నడుస్తుందనీ, దాని కింద ఎంతకాలమైనా ఉంచుకోవచ్చనీ అక్కడి లాయరు ఫోన్లో చెప్పాడు. దాంతో జెన్సీ, భర్త వద్దన్న వాక్యంతో సహా ఆ రాజ్యాంగం నెగ్గాలని మోకాళ్ల మీద ప్రార్థించింది.

ప్రజలు ఓటేశారు. అది నెగ్గింది. లాయరు వెంటనే కోర్టుకెళ్లాడు.

"ఆయన మా దగ్గర లేడు. ఓటింగుకు ముందే వదిలేశాం," అన్నారు పోలీసులు. నిర్బంధంలో లేని మనిషికి ఆ నిబంధన వర్తించదని జడ్జి కేసు కొట్టేశాడు.

"దెన్ వేర్ ఈజ్ హీ, మమ్?" అంది కూతురు రూతు.

"తెలీదమ్మా."

"ఈజ్ హీ డెడ్?"

"తెలీదన్నానా!" అని కసిరి, వెంటనే పిల్లని దగ్గరికి లాక్కుంది జెన్సీ.

వానలు మొదలయ్యాక చర్చి పెద్ద ఎలియాజర్ ఇంటికొచ్చాడు. "ఎన్నాళ్లని ఇలా ఉంటావమ్మా? సండే ఆదరణ కూడిక పెడదాం. రూతు కోసమైనా."

"పోయినవాళ్లకి కదా అంకుల్ అది? ఆయన పోయారని మీకెవరు కన్ఫర్మ్ చేశారు?"

"ఎవరూ చెప్పలేదు, కానీ..."

"అయితే వద్దు. పెడితే నేను రాను. ప్రార్థన చేయాలనుకుంటే ఆయన దొరకాలని చేయండి."

ఆయన టీ కూడా తాగకుండా వెళ్లిపోయాడు.

ఆ మధ్యాహ్నం డ్యూటీలో ఒక ముసలి పేషెంటు, మీ ఆయన ఏం చేస్తారని జెన్సీని అడిగింది. లా చెప్తారు అనబోతే, చెప్పేవారని నోటివెంట వచ్చేసింది. బీపీ పట్టీ చుడుతున్న ఆమె చేతులు ఆగిపోయాయి. ముసలావిడ తన చెయ్యి చాపి అలాగే చూస్తూ ఉంది.