బ్రేకు మాస్టారి పథ్యం

డ్రైవింగు స్కూలు మాస్టారి అసలు పేరు ఇంట్లోవాళ్లకు కూడా చప్పున గుర్తొచ్చేది కాదు. ఊరందరికీ ఆయన బ్రేకు మాస్టారే. నేర్చుకునేవాళ్ల పక్క సీటు ముందు ఆయనకంటూ ఒక బ్రేకు ఉండేది. ఈగ అడ్డం వచ్చినా సరే ఆయన కాలు దాని మీదకు పోయేది. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఒక్క గోడకూ, ఒక్క స్తంభానికీ కారు తగలనివ్వలేదని ఆయన గొప్పగా చెప్పుకునేవారు. అలా చెప్పుకుంటూ ఛాతీ విరుచుకునేటప్పుడు మాత్రం ఛాతీ కన్నా ముందు బొజ్జ సీటు బెల్టును నెట్టుకుంటూ వచ్చేది.

పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఆయన కాపురమంతా కారులోనే. దారిలో బాత్రూముల కోసం వెతుక్కోవాల్సి వస్తుందని మంచినీళ్లు ముట్టేవారు కాదు. భార్య కట్టిచ్చిన డబ్బా మూత తీసి, అందులో కూరముక్కలు కనబడగానే "ఇది మేకల మేత" అని మూసేసి, మెత్తటి బన్నుతోనో, క్రీము బిస్కెట్లతోనో పని కానిచ్చేవారు. సాయంత్రం ఇంటి మలుపు తిరిగేముందు డబ్బా చెత్తకుండీలో దులిపేసేవారు.

"ఇవాళ కూడా ఊడ్చుకు తిన్నారే!" అని ఆవిడ మురిసిపోయేది. మాస్టారు చెప్పులు విడిచి పేపరు అందుకునేవారు.

ఆ రోజుల్లో ఆయనకు పెద్ద పరీక్షగా దొరికిన మనిషి టైలరమ్మ. అరవై దాటిన మనిషి, సందు చివర బట్టలు కుట్టే దుకాణం ఆవిడది. కుట్టిన బట్టలు తనే ఇళ్లకు చేరవేయాలని కారు నేర్చుకోవడానికి వచ్చింది. కత్తెర పడితే చెయ్యి వణకదు గానీ స్టీరింగు పడితే మాత్రం ఊపిరి బిగబట్టేసేది. లైసెన్సు పరీక్షలో తప్పడం ఆవిడకు అలవాటైపోయింది.

"మూడో గేరులోకి రండమ్మా," అని మాస్టారు బతిమాలేవారు.

"దేనికి మాస్టారూ? రెండోది శుభ్రంగా పని చేస్తోందిగా!" అనేది ఆవిడ.

ఒక మధ్యాహ్నం ఈ ఇద్దరూ ఊరి బయట రోడ్డు మీద ఉన్నారు. మాస్టారికి రెండు రోజులుగా పొత్తికడుపులో ఎడమవైపు సన్నగా నొప్పి. గ్యాసు కాబోలని సోడా తాగి ఊరుకున్నారు. ఆ మధ్యాహ్నం మాత్రం ఎవరో లోపల చెయ్యి పెట్టి మెలితిప్పినట్టయింది. ఎండలో ఉన్నా ఒళ్లు చలితో వణికింది. "కుడివైపు తిప్పండి" అనబోయి "అమ్మా!" అన్నారు.

టైలరమ్మ కారు పక్కకు ఆపి ఆయన నుదుటి మీద చెయ్యి వేసింది. ఇస్త్రీపెట్టెలా కాలిపోతోంది.

"ఆసుపత్రికి పోదాం," అంది.

"ఎవరు నడుపుతారు?" అన్నారు మాస్టారు, నడుం వంగిపోయి.

"ఇక్కడ మీరూ నేనూ తప్ప ఇంకెవరున్నారు? మీకు నిటారుగా కూర్చోవడమే కష్టంగా ఉందాయె!"

కారు కదిలింది. రెండో గేరు దాటింది, మూడు దాటింది. మాస్టారు నొప్పితో కళ్లు మూసుకున్నారే గానీ కాలు మాత్రం ఊరుకోలేదు. లారీ మోత వినిపించినప్పుడల్లా బ్రేకు నొక్కుతున్నారు. కారు కుంటి గుర్రంలా ఆగుతూ, ఎగురుతూ పోతోంది. టైలరమ్మకు ఒళ్లు మండిపోయింది.

"కాలు తియ్యండి మాస్టారూ! నొప్పి కడుపులోనా, కాల్లోనా?"

ఆ కేకకు మాస్టారు రెండు కాళ్లూ సీటు మీదకు లాక్కున్నారు. మిగతా దారంతా కారు నీళ్ల మీద పడవలా సాగింది. ఆసుపత్రి గేటు ముందు, రెండు అంబులెన్సుల మధ్య ఉన్న ఇరుకు సందులోకి ఆవిడ కారును వెనక్కి పోనిచ్చి నిలబెట్టింది. అంత నొప్పిలోనూ మాస్టారు కిటికీలోంచి కింద పార్కింగు గీతలు చూసి, "భేష్" అన్నారు.

స్కాన్ తీశారు, రక్తం తీశారు. కబురందుకుని మాస్టారి భార్య పరుగున వచ్చేసరికి చేతికి సెలైను ఎక్కుతోంది. డాక్టరమ్మ వయసులో చిన్నదే గానీ, చెప్పాల్సింది నిదానంగా, అర్థమయ్యేలా చెప్పే మనిషి.

"దీన్ని డైవర్టిక్యులైటిస్ అంటారండీ. పాత ట్యూబు బలహీనపడ్డచోట బుడగలా ఉబ్బుతుంది చూడండి, మీ పెద్దపేగు గోడ అలాగే అక్కడక్కడ ఉబ్బి చిన్న చిన్న సంచులు కట్టింది. వాటిలో ఒకటి వాచి, చీము పట్టేలా ఉంది."

"అంటే పేగుకి జేబులు కుట్టినట్టన్నమాట," అంది టైలరమ్మ.

డాక్టరమ్మ నవ్వేసింది. "సరిగ్గా అంతే. వయసు మీద పడ్డాక చాలామందికి ఉంటాయి. ఉన్నాయని కూడా తెలియదు. వాస్తేనే ఈ గొడవంతా."

"కొయ్యాలా?" అని భార్య భయంగా అడిగింది.

"ఇప్పటికి అక్కర్లేదు. టైముకి తీసుకొచ్చారు. మందులతో తగ్గుతుంది. తర్వాత మళ్లీ రాకుండా ఉండడం చాలావరకు తిండి చేతిలోనే ఉంది. ఏం తింటారండీ మీరు?"

మాస్టారు నోరు తెరిచేలోపే భార్య అందుకుంది. "అన్నీ తింటారమ్మా. రోజూ కూర కట్టిస్తాను. డబ్బా అద్దంలా ఖాళీ అయి వస్తుంది."

టైలరమ్మ దగ్గింది. "ఏ డబ్బా? కారులో నేనెప్పుడూ బిస్కెట్ల పొట్లమే చూశానే!"

భార్య మెల్లగా మంచం దగ్గరకొచ్చి, "మరి నా కూర ఎటు పోయేదండీ?" అంది. మాస్టారు సెలైను సీసా మీది అక్షరాలను ఎంతో శ్రద్ధగా చదవడం మొదలుపెట్టారు.

ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ మందులూ, వడకట్టిన సూపూ, గుజ్జు లేని పళ్లరసమూ, నీళ్లూ. ఇంటికొచ్చాక మెత్తగా ఉడికిన అన్నం, తొక్క తీసి ఉడకబెట్టిన క్యారెట్టు, పెరుగు. పేగుకు కాస్త విశ్రాంతి ఇవ్వాలి, పీచు పదార్థాల జోలికి అప్పుడే పోవద్దంది డాక్టరమ్మ. ఆవిడ చెప్పినట్టు ఉండడం కష్టం కాదు గానీ, చూడ్డానికి వచ్చేవాళ్లను తట్టుకోవడమే కష్టమైంది. అందరి కన్నా ముందు దిగినవాడు బావమరిది.

బావమరిది పోస్టాఫీసులో పనిచేసి రిటైరయ్యాడు. అప్పటి నుంచీ ఆకులూ, వేళ్లూ తప్ప మరో లోకం లేదు. సంచి నిండా సరుకుతో వచ్చి మంచం పక్కన కూలబడ్డాడు.

"బావా, ఇంగ్లీషు మందులు పక్కన పడెయ్. ఇదుగో, పేగులు కడిగే పొడి. పడుకునే ముందు ఒక్క చెంచా వేసుకున్నావంటే తెల్లారేసరికి కడుపు కడిగిన ముత్యం!"

మాస్టారికి మనసు లాగింది. చెంచా కోసం చెయ్యి చాచారు కూడా. ఈలోపు వంటింట్లోంచి భార్య వచ్చి ఆ చెయ్యి మీద ఒక్కటి వేసింది.

"అన్నయ్యా, నీ ముత్యం సంగతి తర్వాత చూద్దాం. రేపు ఎలాగూ డాక్టరమ్మకి చూపించుకోవాలి. నువ్వూ రా, నీ సంచీ తీసుకురా."

మర్నాడు డాక్టరమ్మ బల్ల మీద సంచి బోర్లించారు. బావమరిది యుద్ధానికి సిద్ధపడే వచ్చాడు. ఆవిడ కోప్పడుతుంది, తను ఎదురు చెబుతాడు, అదీ అతని లెక్క. డాక్టరమ్మ కోప్పడలేదు. ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుని, వాసన చూసి, రెండు కుప్పలు పెట్టింది.

"పుదీనా మంచిదేనండీ. కడుపు ఉబ్బరంగా ఉన్నప్పుడు వేడినీళ్లలో వేసుకుని తాగితే హాయిగా ఉంటుంది. ఈ చామంతి టీ కూడా తాగచ్చు. వాపు తగ్గించే మందు మాత్రం వీటిలో లేదు. అది మాత్రల పని."

"పొడి?" అన్నాడు బావమరిది.

"ఇది విరేచనాల మందు. వాచిన పేగులోకి దీన్ని పంపితే పుండు మీద చీపురు పెట్టి ఊడ్చినట్టే. కలబంద రసం కూడా అంతే, వద్దు."

బావమరిది మొహం ముడుచుకుంది. అయినా కలబంద సీసా వెనక్కి తీసుకుంటూ, "పోనీ, నెత్తికి రాసుకుంటాలే," అన్నాడు నున్నటి బట్టతల నిమురుకుంటూ. ముందు నవ్వింది అతని చెల్లెలే. బయటికొచ్చాక మాత్రం కనబడ్డ ప్రతివాడితోనూ, "నా పుదీనా డాక్టరు దగ్గర పాసైంది," అని చెప్పుకుంటూ నడిచాడు.

వాపు తగ్గింది, జ్వరం పోయింది. ఇక పీచు ఉన్న తిండి కొద్దికొద్దిగా మొదలుపెట్టమంది డాక్టరమ్మ. ఈ 'కొద్దికొద్దిగా' అన్న మాట మాస్టారి చెవిని పడలేదు. ఆయన చెవిని పడింది 'పీచు' ఒక్కటే. పోయిన కాలమంతా ఒక్కరోజులో పూడ్చెయ్యాలని నిశ్చయించుకున్నారు. పొద్దున్నే గిన్నెడు ఓట్సులో గుప్పెళ్లకొద్దీ గోధుమ తవుడు కలుపుకున్నారు.

"తవుడు గేదెలకి పెడతారు కదండీ!" అంది భార్య.

"గేదెకి ఎప్పుడైనా పేగు వాచిందని విన్నావా?" అని మాస్టారు గిన్నె ఊడ్చేశారు. పదింటికి తొక్కతో యాపిల్, మధ్యాహ్నం బఠానీలూ, చిక్కుడు గింజలూ. ఈసారి నిజంగానే డబ్బా ఊడ్చుకు తిన్నారు. నీళ్లు మాత్రం ఎప్పట్లాగే రెండు గుక్కలు.

ఆ సాయంత్రమే ఆయన చాలా రోజుల తర్వాత కారెక్కారు. పక్కన టైలరమ్మ. నాలుగు వీధులు తిరిగేసరికి మాస్టారి కడుపు డోలులా బిగిసింది. అద్దాలన్నీ మూసి ఉన్నాయి. మాస్టారు ఎంత ఓర్చుకున్నా, ఓర్పుకూ ఒక హద్దుంటుంది కదా. టైలరమ్మ పెద్దమనిషి, ఏమీ విననట్టే రోడ్డుకేసి చూస్తూ, "బయట గాలి చల్లగా ఉన్నట్టుంది మాస్టారూ, అద్దం దించనా?" అంది.

"నాలుగూ దించెయ్యండమ్మా," అన్నారు మాస్టారు నీరసంగా.

పార్కు పక్కన కారు ఆపి, పొద్దుటి నుంచి ఏమేం తిన్నారో ఆవిడ చెప్పించుకుంది. విని బుగ్గలు నొక్కుకుంది.

"నేను వచ్చిన మొదటిరోజే నన్ను నాలుగో గేరులో వేసి తోలమన్నారా మీరు? ఏళ్ల తరబడి బన్ను తప్ప ఎరగని కడుపు, ఒక్కసారిగా బస్తాడు తవుడు పోస్తే ఏమైపోవాలి పాపం!"

మాస్టారు సిగ్గుపడ్డారు. పక్క సీటులో కూర్చుని ఇంకొకరి చేత పాఠం చెప్పించుకోవడం ఆయనకు కొత్త. ఇంటికెళ్లి డాక్టరమ్మకు ఫోను చేస్తే ఆవిడా నవ్వాపుకోలేక, తవుడు చెంచాతో మొదలుపెట్టమని, పీచు పెంచినప్పుడల్లా నీళ్లూ పెంచమని చెప్పింది. భార్య పక్కనుంచి ఫోను లాక్కుని, "టమాటాల్లో గింజలన్నీ జల్లెడ పట్టి పారేస్తున్నానమ్మా, పేగులో ఇరుక్కుంటాయని పక్కింటావిడ అంది," అని చెప్పుకుంది. అది పాతకాలపు మాట, గింజలతో ప్రమాదమేమీ లేదు, నమిలి తింటే చాలంది డాక్టరమ్మ. భార్య ఆ పూటే జల్లెడ అటక ఎక్కించేసింది.

నీళ్లు తాగడం మొదలయ్యాక మాస్టారి దారులు మారిపోయాయి. ఏ వీధిలో శుభ్రమైన బాత్రూముందో కనిపెట్టి, పాఠాలన్నీ ఆ చుట్టూ తిప్పడం మొదలుపెట్టారు. లైబ్రరీ దగ్గర మలుపులు, పెట్రోలు బంకు వెనక రివర్సు, రైల్వే స్టేషను ముందు పార్కింగు. నేర్చుకునేవాళ్లకు ఆ ముచ్చట తెలియదు. మాస్టారు కొత్త పద్ధతి పెట్టారు కాబోలనుకున్నారు. సాయంత్రాలు కారు షెడ్డులో పెట్టేసి భార్యతో కలిసి నది ఒడ్డున నడిచేవారు. మొదట్లో ఆవిడ వెనకబడేది, తర్వాత ఆయన, చివరికి ఇద్దరికీ నడక కుదిరింది. టైలరమ్మ లైసెన్సు పరీక్షలో పాసైందని తెలిసింది కూడా అలాంటి ఒక నడకలోనే. ఆవిడే కారు పక్కన ఆపి, కిటికీలోంచి చెప్పి, మూడో గేరులో వెళ్లిపోయింది.

చలికాలంలో ఒకరోజు మళ్లీ ఎడమవైపు చురుక్కుమంది. ఈసారి మాస్టారు సోడా జోలికి పోలేదు. తిన్నగా వంటింట్లోకి వెళ్లి, "ఏమోయ్, మళ్లీ ఏదో తేడాగా ఉంది," అన్నారు.

ఆవిడ చేతిలో గరిటె ఆగిపోయింది. నొప్పికి కాదు, ఈ మనిషి తనంత తానుగా చెప్పినందుకు. జ్వరం చూసింది, లేదు. డాక్టరమ్మకు ఫోను చేశారు. జ్వరం వచ్చినా, నొప్పి పెరిగినా, వాంతులైనా వెంటనే రమ్మని, లేకపోతే కాస్త సూపుతో గడిపి చూడమని, మర్నాడు వచ్చి కనబడమని ఆవిడ చెప్పింది. సూపుతో నొప్పి సద్దుమణిగింది. మాస్టారు పుదీనా నీళ్లు తాగుతూ దుప్పటి కప్పుకుని కూర్చుంటే, భార్య పక్కనే కూర్చుని ఆయన చొక్కాకు గుండీ కుట్టింది. ఇద్దరూ ఎప్పటెప్పటి కబుర్లో చెప్పుకున్నారు.

ఎండలు ముదరకముందే పేగు లోపల కెమెరా పెట్టి చూసే పరీక్ష కూడా అయింది. దంపతులిద్దరూ డాక్టరమ్మ ఎదుట కూర్చున్నారు.

"వాపేమీ లేదు, శుభ్రంగా ఉంది. సంచులు మాత్రం అలాగే ఉన్నాయి, అవి ఎక్కడికీ పోవు. మళ్లీ రాదని నేను మాటివ్వలేను గానీ, ఇప్పుడు తింటున్నట్టే తింటూ, నడుస్తూ ఉండండి."

"ఇంతకీ దేనివల్ల తగ్గిందంటారు?" అని భార్య అడిగింది.

"మందులు, తిండి, నీళ్లు, నడక. వీటిలో ఏది ఎంతో నేనూ తూచి చెప్పలేను," అంది డాక్టరమ్మ.

బయటికి వచ్చేసరికి వరండాలో బావమరిది ఎదురుచూస్తున్నాడు. సంగతి వినగానే ఫోను తీసి ఎవరికో చెప్పడం మొదలుపెట్టాడు. "అంతా పుదీనా మహిమేరా! ఆ, నేనే ఇచ్చా!"

మాస్టారు ఖండించబోయారు. భార్య మోచేత్తో పొడిచింది.

"చెప్పుకోనివ్వండి పాపం. ఆకలేస్తోంది, పదండి."

ఇద్దరూ మెట్ల పక్క బల్ల మీద కూర్చుని డబ్బా తెరిచారు. ముడిగోధుమ రొట్టెలు రెండు, తొక్కతీయని దోసకాయ ముక్కలు. మాస్టారు ఒక ముక్క నోట్లో వేసుకుని కరకరా నమిలారు.

"ఎలా ఉంది?" అని అడిగింది ఆవిడ.

"ఇన్నాళ్లూ చెత్తకుండీ భలే భోజనం చేసిందే!" అన్నారు మాస్టారు.

ఆవిడ నవ్వు ఆపుకోలేక, రెండో రొట్టె కూడా ఆయన చేతిలోనే పెట్టేసింది.